నల్గొండ నుంచి ఒక చీకటి ప్రేమ నవలకు

ప్రియమైన నవలా,

నిన్ను హైదరాబాదుల, అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద వంద రూపాయలకు కొన్న. నల్ల అట్ట, దాని మీద ముండ్ల తీగె, తీగెకు నెత్తురు రంగు గులాబి. గట్లనే ఇంటికి తెస్తె అమ్మ ఊకుంటదా? గ్రూప్ ఫోర్ గైడు అట్ట తీసి నీకు తొడిగిన. బిడ్డ రాత్రి రెండింటి దాంక ప్రిపేరయితున్నదని అమ్మ మురిసిపోయి, "కండ్లు పోతయి బిడ్డా, ఇగ పండుకో" అనుకుంట వేడి పాలు తెచ్చిచ్చింది. నేను గా పాలు తాగుకుంట చదివిన పేజీల నీ హీరోయిన్‌కు మూడు రోజులసంది తిండి లేదు. ఆ పాపం నీ ఖాతాలనే రాసుకో.

నీ వెనక అట్ట మీద "ఊహకు కూడా అందని భయంకర భవిష్యత్తు" అని ఉన్నది. గా భయమెప్పుడొస్తదా అని చూసుకుంట సగం పుస్తకం దాటిన. నీళ్లు విషమైనయన్నవ్. ఎవలు ఎవల్ని చేసుకోవాల్నో పెద్దమనుషుల సభ తేలుస్తదన్నవ్. మా మేనత్త ముందల ఈ కథ చెప్తె, "మరి మంచిదే గదనే, కట్నం సంగతేమన్నరు?" అని అడుగుతది.

నీళ్ల కాడికొద్దాం. నీ లోకంల నూరేండ్లు యుద్ధమైంది, చెరువులన్నీ చెడిపోయినయి, సబ్బు లేదు, బ్రష్షు లేదు. కానీ ఆ బూడిద కండ్ల పిల్లగాడు నవ్వితె పండ్లు ముత్యాలు! మా నాయినమ్మది మర్రిగూడ దిక్కు. అక్కడ ఏ యుద్ధమూ జరగలే. ఉత్త బోరు నీళ్లే. లీటరుకు మిల్లీగ్రామున్నర దాటొద్దనే ఫ్లోరైడు ఆ నీళ్లల్ల దాని ఇష్టమొచ్చినంత ఉండె. ఆమె పండ్ల మీద గోధుమ రంగు చారలు. మోకాళ్లు వంగి, గోడ పట్టుకొని బాయిలికి పోయేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతికి శాస్త్రవేత్తలు మా ఊరి పేరే పెట్టిన్రు, నల్గొండ టెక్నిక్ అని. ఆ పేరు టాంజానియా దాంక పోయింది. మా నాయినమ్మ అరుగు దాంక రాలే. ఇంతకు నీ పిల్లగానికి ఏ ఊరి నీళ్లు తాపినవ్?

హీరోయిన్ సంగతి ఎక్కువ మాట్లాడ. పదిహేడేండ్ల పిల్ల, చేతుల తుపాకి, నెత్తి మీద రాజ్యం బరువు. మంచిగనే ఉన్నది. తెల్వకుంటనే బిగవట్టిన ఊపిరి తెల్వకుంటనే ఇడుస్తది, లెక్కపెట్టిన, పదకొండు సార్లు. మా దిక్కు గూడ ఒక పిల్ల ఉండె. కర్విరాల కొత్తగూడెం, అప్పట్ల నల్గొండ జిల్లానే. ఇరవై నిండకముందే తుపాకి పట్టుకొని దొరల మీదికి, నిజాం మీదికి పోయింది. తలకు పదివేలు వెల కట్టిన్రు. పేరు మల్లు స్వరాజ్యం. ఇద్దరు పిల్లగాండ్ల నడుమ ఎటూ తేల్చుకోలేక మూడు అధ్యాయాలు వాన చూసుకుంట కూసున్నదని మాత్రం ఎవలూ చెప్పంగ ఇనలే.

నూట ఎనభయ్యో పేజీల వేరే జోన్ పిల్లగాన్ని చేసుకున్నందుకు ఒక పిల్ల తండ్రే మనుషుల్ని పెట్టి అల్లున్ని చంపిస్తడు. ఆ పేజీ పక్కపొంటి నీ పాత యజమాని ఎవలో పెన్సిల్‌తోని "నమ్మేటట్టు లేదు" అని ఇంగ్లీషుల రాసి పెట్టిన్రు. మిర్యాలగూడ మాకు గంట బస్సు. అక్కడ 2018 సెప్టెంబరుల కులం కాని పిల్లగాన్ని, ఆస్పత్రి ముంగట, పట్టపగలు, కడుపుతోని ఉన్న భార్య సూస్తుండంగ నరికిన్రు. తీర్పు 2025 మార్చిల మా నల్గొండ కోర్టులనే చెప్పిన్రు. రబ్బరు తెచ్చి ఆ పెన్సిల్ మాట చెరిపిన. అచ్చు ఇంక ఉన్నది, కానీ మునుపటంత కనవడది.

ఇగ నీ జోన్లు. జోన్ ఐదు పిల్ల, జోన్ రెండు పిల్లగాడు, నడుమ కరెంటు కంచె. మా కాడ కంచె లేదు, జీవో ఉన్నది. 2016 దసరా నాడు ఒక్క నల్గొండను మూడు జిల్లాలు చేసిన్రు. ఒక్క తిరుగుబాటు రాలే, జిరాక్స్ సెంటర్లకు గిరాకొచ్చింది అంతే. తర్వాత సర్కారు కొలువులకు జోన్లు గూడ వచ్చినయి. మాది యాదాద్రి జోన్, పాలమూరోళ్లది జోగులాంబ. 2021 డిసెంబరుల 317 జీవో వచ్చి, సీనియారిటీ లిస్టు చూసి, ఎవలు ఏ జిల్లాల ఉండాల్నో తేల్చింది. భార్య ఒక జిల్లా, భర్త ఒక జిల్లా అయిన టీచర్లు పిల్లల్ని సంకనేసుకొని హైదరాబాదుకు పోయి ధర్నాలు చేసిన్రు.

మా ఇంటి మీద కిరాయికున్న టీచరమ్మ ఇక్కడ, ఆమె భర్త అచ్చంపేట దిక్కు. శనివారం బడి ఇడువంగనే డిండి, దేవరకొండ మీదంగ బస్సులు మారుకుంట రాత్రికొస్తడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు నాకు తెలుసు. దసరా ఎల్లినంక ఒక శనివారం, కవర్ల సీతాఫలాలు పట్టుకొచ్చిండు. సగం నలిగి కవరంత గుజ్జు. నేను బట్టలు తీస్తున్న, ఆమె తలుపు తీసింది. వారం రోజుల తర్వాత చూసుకుంటున్నరు. నీ లెక్క ప్రకారం ఈడ రెండు పేజీలు గుండె కొట్టుకోవాలె, గాలి ఆగిపోవాలె.

"బస్సుల సీటు దొరికిందా?" అన్నది.

"దేవరకొండ నుంచి దొరికింది" అన్నడు.

గంతే. ఆమె కవరు తీసుకొని నలగనియి ఒక దిక్కు, నలిగినయి ఒక దిక్కు పెట్టి, నలిగినయే తను ముందేసుకున్నది. సోమవారం తెల్లారగట్ల నాలుగింటికి మళ్ల చెప్పుల చప్పుడు, ఈసారి కిందికి.

నువ్వు మూడు వందల డెబ్బై పేజీలు రాసి, కంచె తెగే టైముకు "మొదటి భాగం సమాప్తం" అన్నవ్. తిట్టుకుంటనే ఏడ్చిన. గైడు అట్టతోనే నిన్ను టీచరమ్మకిచ్చిన. నాలుగు రోజులల్ల తిరిగిచ్చింది. ఒక పేజీ మూల మీద సీతాఫలం మరక ఉన్నది, ఏ పేజీ అనేది నీకూ నాకే తెలుసు.

"రెండో భాగం దొరుకుతె నాకు ముందియ్యి" అన్నది. మెట్లెక్కుకుంట మళ్ల ఆగి, "ఆ బూడిద కండ్ల పిల్లగానికి ఈ పిల్ల జోన్‌కు బదిలీ అయితదా?"

వచ్చే ఆదివారం అబిడ్స్ పోతున్న.

ఇట్లు,
గ్రూప్ ఫోర్ అభ్యర్థిని, నల్గొండ