సుంకం తగ్గింది, కాగితాల పని తగ్గలేదు

దేశాల మధ్య వాణిజ్య ఒప్పందాలతో సుంకాలు తగ్గిస్తే చిన్న పరిశ్రమలు మూతపడతాయని ఒకరంటారు, ప్రపంచ మార్కెట్ అంతా వాటికి తెరుచుకుంటుందని ఇంకొకరంటారు. ఇద్దరూ సుంకం చుట్టూనే తిరుగుతారు. నాకు మాత్రం అసలు చిక్కు వేరే చోట ఉందనిపిస్తుంది. తగ్గింపు అందరికీ ఒకటే. దాన్ని వాడుకోవడానికి అయ్యే ఖర్చు దగ్గరే చిన్న సంస్థ వెనకబడిపోతుంది.

ఉదాహరణకు, బ్యాగులు కుట్టించే ఒక చిన్న యూనిట్ 10,000 డాలర్ల సరుకు పంపుతోందనుకుందాం. ఒప్పందం వల్ల 4 శాతం సుంకం పోతే కొనేవాడికి 400 డాలర్లు మిగులుతాయి, ఆ మేరకు అమ్మేవాడికీ బేరంలో పట్టు దొరుకుతుంది. కానీ దానికి సరుకు ఎక్కడిదో రుజువు చేసే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ కావాలి. ఆసియా-పసిఫిక్ దేశాల మధ్య 2022లో అమల్లోకి వచ్చిన ఆర్‌సెప్ వాణిజ్య ఒప్పందాన్నే చూడండి. అందులో సరుకు ఎక్కడిదో విలువను బట్టి తేల్చేచోట, ఆ విలువలో కనీసం 40 శాతం సభ్య దేశాల్లోనే చేరి ఉండాలి. బట్ట ఒక దేశానిది, జిప్పు ఇంకో దేశానిది, బకిల్ ఎక్కడిదో అమ్మిన వ్యాపారికే తెలీదు. ప్రతిదానికీ బిల్లు వెతకాలి, లెక్క తేల్చాలి, తనిఖీకి అడిగితే చూపించడానికి ఏళ్ల తరబడి దాచాలి. ఇంత టెన్షన్ 400 డాలర్ల కోసమా అని యజమాని మామూలు సుంకం మీదే సరుకు పంపేస్తాడు. వంద కంటైనర్లు పంపే కంపెనీకి ఇదంతా ఒక గుమస్తా జీతంతో అయిపోయే పని.

మరి నిలబడ్డవాళ్లు ఎలా నిలబడ్డారు? ధరలో పోటీకి దిగి మాత్రం కాదు. పెద్ద మిల్లుతో ధర దగ్గర తలపడితే చిన్నవాడు ఓడడం ఖాయం. చాలామంది పెద్ద ఎగుమతిదారుకు విడిభాగాలు ఇచ్చే సరఫరాదారుగా మారారు. కాగితాల బాధ ఆ కంపెనీదే. అయితే కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ధర చెప్పేదీ వాడే, మూడు నెలలకు డబ్బిచ్చేదీ వాడే. ఇంకొందరు దిగుమతులనే తమవైపు తిప్పుకున్నారు. చవకైన యంత్రాలు, విడిభాగాలు తెచ్చుకుని, పెద్దవాళ్లు పట్టించుకోని చిన్న ఆర్డర్లు, త్వరగా ఇవ్వాల్సిన ఆర్డర్లు పట్టారు. సుంకాల చర్చల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

తెరిచిన తలుపు తెరిచే ఉంటుందన్న భరోసా కూడా లేదు. ఇంతకు మించి దిగుమతి చేసుకోమంటూ వస్త్రాలపై పెట్టిన కోటాలు 2005 జనవరి 1న పోయాయి. ఆ జూన్‌లోనే ఐరోపా చైనా దుస్తులపై మళ్లీ పరిమితులు పెట్టింది. డబ్బు కట్టేసిన స్వెటర్లు, ప్యాంట్లు కోట్ల సంఖ్యలో రేవుల్లో ఇరుక్కుపోయాయి. సెప్టెంబరులో గానీ దారి దొరకలేదు. అంతకాలం సరుకు ఆగితే పెద్ద సంస్థ తట్టుకుంటుంది, చిన్న వ్యాపారికి సీజనే పోతుంది.

అందుకే సుంకాల పట్టిక కన్నా నియమాల సరళీకరణకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. యూరోపియన్ యూనియన్ చేసుకున్న చాలా ఒప్పందాల్లో 6,000 యూరోల లోపు సరుకుకు ఏ ఎగుమతిదారైనా సరుకు ఎక్కడిదో ఇన్‌వాయిస్ మీద తనే ఒక ప్రకటన రాసిస్తే చాలు. మంచి ఏర్పాటే. కానీ మన బ్యాగుల యూనిట్ సరుకు ఆ పరిమితి దాటిపోతుంది. రెండు విడతలుగా పంపుదామంటే రవాణా ఖర్చు రెండుసార్లు పడుతుంది.