బైండ్ మౌంట్ గారికి ఆన్‌కాల్ విన్నపం

మహారాజశ్రీ బైండ్ మౌంట్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మా ల్యాప్‌టాపుల్లో అంతా క్షేమం. కస్టమర్లు వాడే ప్రొడక్షన్ క్షేమసమాచారాలే తెలియవలసి ఉన్నాయి.

డాకర్ కంటైనర్లు ఎలా నడవాలో రాసే కాంపోజ్ ఫైల్లో చుక్క, కోలన్, స్లాష్ యాప్; అంటే మా ప్రాజెక్టు ఫోల్డర్నే కంటైనర్లో స్లాష్ యాప్‌గా చూపించమని. ఈ ఒక్క లైనుతో తమరు వేంచేశారు. అప్పట్నుంచి సేవ్ కొట్టగానే బ్రౌజర్లో మార్పు కనబడుతోంది, ఇమేజ్ (కంటైనర్‌కి అచ్చు) బిల్డ్ చేసే శ్రమే లేదు. మహోపకారం! ఎంతటిదంటే, ఆ ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే డాకర్‌ఫైల్ అనేదొకటి ఉందని టీములో కొత్తగా చేరినవాళ్లని నమ్మించాల్సి వస్తోంది.

పాపం ఆ డాకర్‌ఫైల్, ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ చేసి నోడ్ మాడ్యూల్స్ (కోడ్‌కి కావలసిన లైబ్రరీలు) అన్నీ స్లాష్ యాప్‌లో సర్దిపెడుతుంది. కంటైనర్ లేవగానే తమరొచ్చి మా ల్యాప్‌టాప్ ఫోల్డర్ని దుప్పటిలా దానిమీద కప్పేస్తారు. కింద సర్దినవి చెరిగిపోవు, కనబడవంతే. విరుగుడుగా నోడ్ మాడ్యూల్స్‌కి ఒక అనానిమస్ వాల్యూమ్ (డాకర్ తానే చూసుకునే పేరులేని నిల్వ) తగిలించాం. లైబ్రరీల జాబితా ఉండే ప్యాకేజ్ జేసన్ మార్చి ఇమేజ్ మళ్లీ బిల్డ్ చేసినా, కాంపోజ్ ఆ పాత వాల్యూమ్‌నే తెచ్చి పెడుతోంది. వాల్యూమ్‌లతో సహా అన్నీ తీసేసే డౌన్ మైనస్ వీ కమాండ్ కొడితే అది పోతుంది. దాంతోపాటు లోకల్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని డేటా కూడా.

లైనక్స్ వాడేవాళ్ల గోడు వేరు. కంటైనర్ రూట్‌గా (అడ్మిన్‌గా) సృష్టించి ఫైళ్లు నింపిన లాగ్ ఫోల్డర్ని సొంత ప్రాజెక్టులోంచి తీసెయ్యడానికి సుడో, అంటే అడ్మిన్ అధికారం, కావాలి.

ఇవన్నీ భరించాం. మొన్నటిది మాత్రం భరించలేం. ఎవరో ఇన్‌వాయిస్ టెంప్లేట్లకి కొత్త ఫోల్డర్ పెట్టారు. డాకర్‌ఫైల్లో కాపీ లైను కోడ్ ఉండే ఎస్ఆర్‌సీ ఫోల్డర్‌కే ఉంది. తమరు మొత్తం రిపోనే (ప్రాజెక్టు ఫోల్డర్నే) చూపిస్తారు కాబట్టి డెవ్‌లో బిల్లులు ముచ్చటగా వచ్చాయి. డెమో అయింది, చప్పట్లు కూడా పడ్డాయి. ప్రొడక్షన్‌లో తమరు ఉండరు కదా, అక్కడ టెంప్లేట్లూ లేవు. "నా మెషిన్‌లో పనిచేస్తోంది" అనే మాట వినకూడదనే కంటైనర్లు తెచ్చుకున్నాం. తమ చలవ వల్ల అది "నా కంటైనర్‌లో పనిచేస్తోంది"గా ప్రమోషన్ కొట్టింది.

2023లో కాంపోజ్ వాచ్ వచ్చింది. కోడ్ మారితే కంటైనర్లోకి సింక్ చేస్తుంది, ప్యాకేజ్ జేసన్ మారితే ఇమేజ్‌నే మళ్లీ కడుతుంది. తమ ఉద్యోగానికి పోటీ అని కాదు, ఊరికే చెబుతున్నా.

కాబట్టి సోమవారం నుంచి తమరికి ఎస్ఆర్‌సీ ఒక్కటే, అదీ రీడ్ ఓన్లీ. కోడ్ మెర్జ్‌కి ముందు సీఐ (టెస్టులు తనంతట నడిపే వ్యవస్థ) అసలు ఇమేజ్ కట్టి, దానిమీదే టెస్టులు నడుపుతుంది. ఆ సమయానికి తమరు దయచేయకూడదు.

ఇట్లు,
ఈ వారం ఆన్‌కాల్‌లో (ప్రొడక్షన్ చెడితే పిలుపందుకునే డ్యూటీలో) ఉన్న విధేయుడు