డబుల్ స్టాండేసి ఎనక చక్రం తిప్పి చూడుండ్రి

బండి యావరేజ్ ఇస్తలేదంటే ఇప్పుడు నల్లగొండ పోయినా, మిర్యాలగూడ పోయినా, దేవరకొండ పోయినా ఒకటే మాట: "ఇథనాల్ పెట్రోల్ వచ్చినంక పోయింది." ఇథనాల్ అంటే చెరుకు, ధాన్యం నుంచి తీసే స్పిరిట్, దాన్ని పెట్రోల్‌ల కలుపుతున్నరు. కొంత తగ్గేది నిజమే. లీటరు పెట్రోల్‌ల ఉండే శక్తి కన్నా లీటరు ఇథనాల్‌ల దగ్గర దగ్గర మూడో వంతు తక్కువ. నూటికి 20 పాళ్లు కలిపితే లెక్క ప్రకారం 6-7 శాతం పోవాలె. 2021ల నీతి ఆయోగ్ నివేదికల పాత డిజైను టూ వీలర్లకు 3-4 శాతం తగ్గుతదని రాసిండ్రు. పెద్ద లెక్కనే పట్టుకున్నా లీటరుకు 60 కిలోమీటర్లు ఇచ్చే బండి 56 ఇయ్యాలె. మరి 45 ఎందుకిస్తున్నది? ఆ మిగిలిన 11 ఏడ పోతున్నయో చూసేటోళ్లే లేరు. నాకు కోపమొచ్చేది గిక్కడ్నే.

ఇంజిన్ ముట్టక ముందు బండికి డబుల్ స్టాండేసి, న్యూట్రల్ చేసి, ఎనక చక్రాన్ని చేత్తోని గట్టిగ ఒక్క తిప్పు తిప్పుండ్రి. ఒకటి రెండు చుట్లు తిరిగి మెల్లగ ఆగితే బాగున్నట్టు. బ్రేకు లైనర్ సన్నగ గీసుకున్న చప్పుడొచ్చినా ఫరవాలేదు. సగం చుట్టుకే ఎవరో పట్టుకున్నట్టు ఆగితే మాత్రం బ్రేకు పట్టి ఉన్నది. పోయినంత దూరం మీ పెట్రోల్ బ్రేకు డ్రమ్మును వేడి చేసుడుకే పోతున్నది. బ్రేకు ఎక్కువ కొట్టకుండ పది కిలోమీటర్లు నడిపి, చక్రం నడుమ ఉన్న హబ్బు దగ్గరకు చెయ్యి తీస్కపోతే కాక తెలుస్తది. మీద మాత్రం పెట్టకుర్రి, కాలుతది.

ఇది ఎట్లయితదంటే, చైన్ లూజయిందని మెకానిక్ దగ్గరికి పోతరు. ఆయన యాక్సిల్ నట్టు లూజు చేసి చక్రాన్ని ఎనకకు జరుపుతడు. చక్రం ఎనకకు జరిగితే దాంతోని బ్రేకు ప్లేటు గూడ జరుగుతది, బ్రేకు రాడ్డు గుంజుకుంటది, బ్రేకు దానంతటదే టైటయితది. ఆ రాడ్డు చివరన ఉన్న నట్టును అప్పుడే ఒకటి రెండు చుట్లు ఇడువాలె. చానమంది ఇడువరు. పెడల్ నొక్కితే 20-30 మిల్లీమీటర్లు ఉత్తగ దిగినంకనే బ్రేకు అందుకోవాలె. ఆడ నిలబడి చూపించుకోండి, మొహమాటపడకుర్రి. నాట్లప్పుడు పొలం దాక బండి నడిపేటోళ్లకు ఇంకో తిప్పలు: బురద పోయి బ్రేకు క్యామ్ (లైనర్‌ను డ్రమ్ముకు ఒత్తేది) దగ్గర ఎండి, పెడల్ ఇడిచినా లైనర్ ఎనకకు రాదు. డ్రమ్ము ఇప్పి, తుడిచి, క్యామ్‌కు కొంచెం గ్రీజు పెడితే సరిపోతది. లైనర్‌కు మాత్రం గ్రీజు తగలొద్దు.

చైన్ గూడ మరీ బిగియొద్దు. కింది వరుస నడుమ వేలుతోని ఎత్తి దించితే 20-30 మిల్లీమీటర్లు ఆడాలె. చక్రం తిప్పుకుంట మూడు నాలుగు చోట్ల చూడుండ్రి. ఒకచోట టైటు, ఒకచోట లూజు ఉంటే చైన్ సెట్ అరిగిపోయినట్టే, ఎంత టైటు చేసినా దండుగ. కాలిన ఇంజిన్ ఆయిల్ పోసుడు బంద్ చేయుండ్రి, అండ్ల ఇనుప రజను ఉంటది. 90 నంబర్ గేర్ ఆయిల్ మంచిది.

గాలి సంగతి అందరికీ తెలుసు, ఎవరూ చెయ్యరు. 100-110 సీసీ బండ్లకు ఒక్కరే పోతే ముంగట 25, ఎనక 28 పీఎస్ఐ దగ్గర ఉండాలె. పాల క్యాన్లో, వడ్ల బస్తానో ఏస్తే ఎనక ఇంకా పెంచాలె, ఎంతన్నది బండి మీద స్టిక్కర్‌ల ఉంటది. పొద్దుగాల టైరు సల్లగున్నప్పుడే కొట్టించాలె. మిట్ట మధ్యాహ్నం హైవే మీది నుంచి వచ్చి కొట్టిస్తే కాకకు మీటర్ ఎక్కువ చూపిస్తది, చల్లారినంక తక్కువే మిగులుతది.

మన చెలక దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ కంపెనీ చెప్పిన కిలోమీటర్ల దాక ఆగదు. కోతలప్పుడు ముందే చూపించుకోండి. నూనె పట్టించిన కాగితం ఫిల్టర్‌ను గాలి కొట్టి మళ్ల పెడితే ఆ నూనె పోతది, దుమ్ము లోపలికే పోతది. దాన్ని మార్చుడే.

"పెట్రోల్ తగ్గించు అన్నా" అని స్క్రూ తిప్పించుకునేటోళ్లకు చేతులెత్తి మొక్కుతున్న, అది ఆపుండ్రి. కార్బొరేటర్ (పెట్రోల్‌ను గాలితోని కలిపేది) ఉన్న బండికి పెట్రోల్ మరీ తగ్గిస్తే ఇంజిన్ కాగుతది, పికప్ పోతది, మీరు ఇంకింత రేస్ ఇస్తరు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండ్లల్ల చానవాటికి కార్బొరేటరే లేదు, సెన్సర్ల లెక్క మీద పెట్రోల్ చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్. వాటికి ఇంజిన్ లైటు వెలిగి ఆరకపోతే సెన్సర్లు స్కాన్ చేపియ్యాలె.

రోజుకు 60 కిలోమీటర్లు తిరిగే పాలాయనకు యావరేజ్ 60 నుంచి 50కి పడిపోతే నెలకు 6 లీటర్లు ఎక్కువ పడతది. ఆరు వందలు దాటుతది. ఆయనకు అవి చిన్న పైసలు కావు.

ఇగ కొలిచేటప్పుడు వంద రూపాయలు కొట్టించి, ముల్లు చూసి చెప్పకుర్రి. ఒకే బంకుల, డబుల్ స్టాండ్ మీద, నాజిల్ దానంతటది ఆగేదాక ట్యాంకు నింపి మీటర్ రాసుకోండి. కనీసం 200 కిలోమీటర్లు తిరిగి మళ్ల అట్లనే నింపుండ్రి. 212 కిలోమీటర్లకు 3.9 లీటర్లు పడితే 54 వచ్చినట్టు. బ్రేకు, చైన్, గాలి, ఫిల్టర్ అన్నీ సక్కగ పెట్టినంక గూడ 50 దాటకపోతే, అప్పుడు ఇంజిన్ల ట్యాపెట్లు (వాల్వుల సందు), కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) చూపించుండ్రి.