కాగితం మీదే పూర్తయిన కట్టడాలు

ఫ్రెంచ్ వాస్తుశిల్పి ఎతియెన్-లూయీ బూలే గురించి రాసేటప్పుడు, ఆయన మహా నమూనాల్లో ఒక్కటీ కట్టడం కాలేదని జాలిపడడం పరిపాటి. ఆ జాలి అక్కరలేదని నా అభిప్రాయం. బూలే గీసినవి ఆగిపోయిన పనులు కావు. అవి కాగితం మీదే పూర్తయ్యాయి.

1784లో ఆయన న్యూటన్‌కు ఊహించిన స్మారకాన్నే చూడండి. న్యూటన్ భౌతికకాయం 1727 నుంచీ లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబేలో ఉంది. కాబట్టి ఇది మృతదేహం లేని సమాధి. దాదాపు 150 మీటర్ల వ్యాసంతో ఒక గోళం, దాని చుట్టూ అంచెలంచెలుగా సైప్రస్ చెట్ల వరుసలు. పైకప్పుకు చేసిన రంధ్రాల గుండా పగటి వెలుగు లోపలి చీకట్లోకి చుక్కలుగా దిగుతుంది. అంటే బయట మిట్టమధ్యాహ్నం, లోపల నక్షత్రాల రాత్రి. బయట రాత్రయితే, మధ్యలో వేలాడే గోళాకార దీపం లోపల పగటిని నింపుతుంది. విశ్వాన్ని సూత్రాల్లో ఇమిడ్చి చూపిన మనిషికి ఇంతకన్నా తగిన నివాళిని నేనెరుగను.

దీన్ని ఆనాడు కట్టడం సాధ్యం కాదు. రోమ్‌లోని పాంథియన్ గుమ్మటమే సుమారు 43 మీటర్లు. రాతితో, ఇటుకతో అంతకు మూడు రెట్లకు మించిన గోళాన్ని నిలబెట్టే విద్య అప్పటికి లేదు. బూలేకు కట్టడం తెలియక కాదు. పారిస్‌లో ధనికులకు భవనాలు కట్టిన అనుభవం ఆయనకు ఉంది, 1760లలో కట్టిన ఒత్తెల్ అలెగ్జాండ్ర్ నేటికీ నిలిచే ఉంది. అయితే కట్టడమే వాస్తుశిల్పమన్న ప్రాచీన రోమన్ పండితుడు విట్రూవియస్ మాటను ఆయన ఒప్పుకోలేదు. ముందు మనసులో రూపం పుట్టాలి, నిర్మాణం ఆ తర్వాతి పని అన్నాడు. చిత్రకారుడు కావాలనుకున్న కొడుకును వాస్తుశిల్పం వైపు నడిపించింది తండ్రి. ఆ పాత కోరిక చివరి వరకూ ఆయన చేతిలోనే ఉండిపోయింది.

వెన్నెల రాత్రి అడవి అంచున నడుస్తూ, నేల మీద పరుచుకున్న చెట్ల నీడలను చూసి చలించిపోయానని బూలే రాసుకున్నాడు. నీడలతోనే కట్టడం అన్న ఆలోచన అక్కడ పుట్టింది. అలంకారాలు తీసేసి గోళం, ఘనం, పిరమిడ్ వంటి నిండు ఆకారాలను మిగిల్చి, వాటి మీద వెలుగు ఎలా వాలుతుందో సిరాతో పలుచగా పూస్తూ చూపాడు. ఆ వెలుగు రాయిలో అంత కచ్చితంగా దొరకదు. వాన మరకలు, మబ్బులు దాన్ని చెడగొడతాయి.

అయినా ఈ చిత్రాల్లో నన్ను కలవరపెట్టేది ఒకటుంది. న్యూటన్ స్మారకం దగ్గర మనుషులు చీమలంత. మూడు లక్షల మంది కూర్చునే క్రీడాప్రాంగణాన్నీ ఆయన ఊహించాడు. మనిషిని ఇంత చిన్నబుచ్చే ఆకారాల మీద నియంతలకు మోజు ఎక్కువ. హిట్లర్ కోసం ఆల్బర్ట్ స్పీర్ బెర్లిన్‌లో తలపెట్టిన మహా గుమ్మటం చూసినప్పుడు బూలే గుర్తుకు రాక మానడు. అదీ కాగితం దాటలేదు, అది మన అదృష్టం.

కానీ ఆ నేరాన్ని బూలే మీద మోపేముందు 1785 నాటి రాజ గ్రంథాలయ నమూనాను చూడాలి. ఉన్న భవనాన్ని కూల్చకుండా, సుమారు 100 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు గల ఆరుబయలు ముంగిలి మీద కమాను పైకప్పు వేసి, దాన్నే చదువుకునే గదిగా మార్చాలన్నాడు. గోడల వెంట పుస్తకాలు మెట్లు మెట్లుగా పైకి సాగుతాయి. అడిగిన పుస్తకం కోసం ఎవరూ నిచ్చెనలు ఎక్కనక్కరలేదు. ఒక్కో అంతస్తులో నిలబడ్డ సిబ్బంది దాన్ని చేతి నుంచి చేతికి అందిస్తూ కిందికి చేరుస్తారు. రఫేల్ గీసిన ఏథెన్స్ తత్వవేత్తల చిత్రమే దీనికి ప్రేరణ అని ఆయనే చెప్పాడు. ఇక్కడి మనుషులు మాట్లాడుకుంటున్నారు, చదువుతున్నారు, ఒకరికొకరు పనికివస్తున్నారు. ఇంత విశాలమైన గది వాళ్లను తగ్గించడం లేదు.

1799లో చనిపోయిన బూలే తన చిత్రాలను జాతికి వదిలి వెళ్లాడు. ఆయన విస్తరించాలనుకున్న ఆ గ్రంథాలయమే నేటి ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంగా వాటిని కాపాడుతోంది. వాస్తుశిల్పం గురించి ఆయన రాసిన వ్యాసం మాత్రం 1953 దాకా అచ్చు కాలేదు. ఈలోగా ఆయన ఆలోచనలను శిష్యులే మోశారు. వారిలో షాల్‌గ్రాన్ పారిస్ విజయ తోరణానికి రూపమిచ్చాడు, డ్యురాన్ తర్వాతి తరాలకు పాఠ్యపుస్తకాలు రాశాడు. బూలే అనగానే అందరూ ముందు న్యూటన్ గోళాన్నే చూపిస్తారు. వాస్తుశిల్ప విద్యార్థులకు నేనైతే గ్రంథాలయాన్ని ముందు చూపిస్తాను, గోళాన్ని ఆ తర్వాత.