కమిటీ పిలిస్తే వెళ్లొద్దనే సలహా వినకండి

"డిసిప్లినరీ కమిటీ ఒట్టి నాటకం. నిర్ణయం ముందే అయిపోయి ఉంటుంది. పిలిచినా వెళ్లకండి, వెళ్లినా నోరు విప్పకండి. కోర్టులో నిలబడే సాక్ష్యం లేకుండా మిమ్మల్నేమీ చేయలేరు. చేశారంటే మాత్రం టీసీ ఇచ్చి పంపించేయడమే, అప్పీల్ దండగ."

ఈ అర్థంతో ఒక సందేశం విద్యార్థుల ఫోన్లలో తెగ తిరుగుతోంది. షోకాజ్ నోటీసు అందుకుని టెన్షన్‌లో ఉన్న పిల్లలు దీన్ని నమ్మేస్తున్నారు. అలాంటివాళ్లు సంజాయిషీ రాసుకునేటప్పుడు సాయపడుతుంటాను కాబట్టి దీనివల్ల జరిగే నష్టం నాకు తెలుసు. ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

మొదటిది, నిర్ణయం ముందే అయిపోతుందన్న మాట. కొన్నిచోట్ల అలా జరుగుతుంది, కాదనను. ఫిర్యాదు చేసిన మనిషే కమిటీలో కూర్చునే సందర్భాలూ ఉంటాయి. కానీ మాట వినకుండా శిక్షించకూడదన్న నియమం ఊరికే రాలేదు. 1960లో అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లజాతి విద్యార్థులు తమకు భోజనం వడ్డించని చోట కూర్చుని నిరసన తెలిపారు. అలబామా స్టేట్ కాలేజీ నోటీసు, విచారణ లేకుండానే 9 మందిని బహిష్కరించింది. వాళ్లలో కొందరు కోర్టుకెక్కారు. ప్రభుత్వ డబ్బుతో నడిచే కాలేజీ ఒక విద్యార్థిని తీసేసే ముందు ఆరోపణ ఏమిటో చెప్పాలని, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1961లో ఫెడరల్ అప్పీల్ కోర్టు తేల్చింది. 1975లో గాస్ వర్సెస్ లోపెజ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ప్రభుత్వ స్కూలు పిల్లలను 10 రోజులో అంతకన్నా తక్కువో సస్పెండ్ చేయాలన్నా వాళ్ల మాట వినాలంది. ఈ సూత్రం ఇంకా పాతది. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ తన మాట వినకుండానే డిగ్రీలు లాగేసుకుందని రిచర్డ్ బెంట్లీ అనే పండితుడు వేసిన కేసులో, 1723లో ఇంగ్లండ్ జడ్జి ఒకరు దేవుడు కూడా ఆదామును శిక్షించే ముందు సంజాయిషీ అడిగాడని గుర్తుచేశారు. మీకు వచ్చిన ఆ నోటీసు ఇలా కొట్లాడి తెచ్చుకున్న హక్కు.

దాన్ని చేజేతులా వదులుకోమంటోంది రెండో మాట. నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. మీరు వెళ్లకపోతే విచారణ ఆగదు. చాలా కాలేజీల నిబంధనల ప్రకారం కమిటీ ఎక్స్‌పార్టేగా, అంటే మీరు లేకుండానే, చేతిలో ఉన్న కాగితాలను బట్టి నిర్ణయం తీసుకోవచ్చు. ఆ తర్వాత "నా మాట వినలేదు" అని మీరు అప్పీల్ చేస్తే, "పిలిచాం, రాలేదు" అన్న ఒక్క జవాబుతో మీ గట్టి వాదన పోతుంది.

వెళ్లే ముందు చేయాల్సింది చాలా ఉంది. ఏ నిబంధన కింద ఏ ఆరోపణో రాతపూర్వకంగా అడగండి. వాళ్ల దగ్గరున్న ఆధారాల కాపీలు అడగండి. సమయం చాలకపోతే గడువు కోరండి. సభ్యుల్లో ఎవరికైనా మీతో గొడవ ఉంటే ఆ అభ్యంతరం విచారణకు ముందే లెటర్‌లో పెట్టండి, తర్వాత చెబితే విలువ తగ్గిపోతుంది. జరిగింది తేదీల వారీగా రాసుకోండి. తప్పు చేసి ఉంటే ఎంతవరకు చేశారో అంతే ఒప్పుకోండి, మిగతాది ఎందుకు నిజం కాదో చెప్పండి. మినిట్స్ (విచారణలో ఎవరేం చెప్పారో రాసిన కాగితం) చదవకుండా సంతకం చేయకండి. మీరు చెప్పనిది అందులో ఉంటే అదే కాగితం మీద మీ అభ్యంతరం రాసి అప్పుడు సంతకం పెట్టండి. మౌనం విషయంలో ఒక్క మినహాయింపు ఉంది. అదే సంఘటన మీద పోలీసు కేసు కూడా ఉంటే, కమిటీ ముందు చెప్పింది అక్కడికీ చేరవచ్చు. కాబట్టి ముందు లాయర్‌తో మాట్లాడాలి.

ఇక సాక్ష్యం సంగతి. క్రిమినల్ కేసులో అనుమానానికి తావు లేకుండా నేరం రుజువు కావాలి. కమిటీల్లో సాధారణంగా ఆ కొలత ఉండదు, జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందా అని చూస్తారు. సాక్షుల్ని మన ఎదుట నిలబెట్టి ప్రశ్నించే హక్కు కూడా ప్రతిచోటా ఉండదు. రాంచీలోని రాజేంద్ర మెడికల్ కాలేజీలో అమ్మాయిల హాస్టల్‌లోకి రాత్రివేళ చొరబడ్డారని కొందరు విద్యార్థుల్ని బహిష్కరించారు. ఫిర్యాదు చేసిన అమ్మాయిల పేర్లు తమకు చెప్పలేదని, తమ ఎదుట వాళ్లను విచారించలేదని ఆ విద్యార్థులు వాదించారు. ఆరోపణ చెప్పి సంజాయిషీ తీసుకున్నారు, అమ్మాయిల భద్రత దృష్ట్యా అది చాలని 1973లో భారత సుప్రీంకోర్టు అంది. "సాక్ష్యం లేదులే" అన్న ధీమాతో కూర్చుంటే మునిగేది మీరే.

శిక్ష అంటే బహిష్కారమే అన్నది తప్పు. హెచ్చరిక, జరిమానా, హాస్టల్ నుంచి తీసేయడం, పరీక్ష రద్దు, సస్పెన్షన్ లాంటివి కూడా ఉంటాయి, బహిష్కారం వాటన్నిటికన్నా పెద్ద శిక్ష. ర్యాగింగ్ మీద యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2009లో తెచ్చిన నిబంధనల్లో కూడా స్కాలర్‌షిప్ ఆపడం నుంచి ఒకటి నుంచి 4 సెమిస్టర్ల రస్టికేషన్ (అంతకాలం కాలేజీ నుంచి తీసేయడం) దాకా మెట్లున్నాయి. (చేసిందెవరో తేలకపోతే సామూహిక శిక్ష వేయమని కూడా ఆ నిబంధనలు చెప్పాయి. అది అన్యాయమనే నా అభిప్రాయం.) పాత రికార్డు, ఉద్దేశం, ఎదుటివాళ్లకు జరిగిన నష్టం చూసి శిక్ష తగ్గించే వీలుంటుంది. వాటి గురించి చెప్పుకోవాలన్నా మీరు ఆ గదిలో ఉండాలి.

అప్పీల్ దండగ కాదు. ఆ ర్యాగింగ్ నిబంధనల కిందే అనుబంధ కాలేజీ వేసిన శిక్ష మీద వైస్ చాన్సలర్‌కు, యూనివర్సిటీ వేసినదాని మీద చాన్సలర్‌కు అప్పీల్ చేయవచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లో అయితే లోపలి దారులన్నీ అయిపోయాక విద్యార్థి వెళ్లడానికి విడిగా ఒక స్వతంత్ర సంస్థే ఉంది, ఫీజు కూడా ఉండదు. అయితే "నాకు అన్యాయం జరిగింది" అని నాలుగు పేజీలు రాస్తే పని కాదు. పద్ధతి ఎక్కడ తప్పారు, అప్పట్లో దొరకని ఆధారం ఇప్పుడేం దొరికింది, తప్పుకు మించి శిక్ష ఎలా అయింది, ఈ మూడింట్లో మీకు వర్తించేది సూటిగా రాయాలి. నోటీసు, మీ జవాబు, మినిట్స్, ఆర్డర్ కాపీలు జతచేసి, ఆర్డర్‌లోనో రూల్‌బుక్‌లోనో ఉన్న గడువులోపే ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.