అండమాన్ టికెట్ కంటే ముందు ఈత నేర్చుకోన్రి

మా దేవరకొండ, అచ్చంపేట దిక్కు నుంచి అండమాన్ పోయేటోళ్లు ఈ మధ్య బాగ పెరిగిన్రు. సంతోషమే. కానీ ఒక్క మాట గట్టిగ చెప్పాలె: ఈత రాకుండ రాత్రి స్నార్కెలింగ్‌కు, అంటే మాస్కు, గొట్టం పెట్టుకొని నీళ్ల మీద బోర్ల తేలుకుంట సముద్రం లోపల చూసుడుకు, దిగకున్రి.

నడక గురించి నాకు రంది లేదు. చైత్ర పున్నమికి నల్లమల లోయల దిగి సలేశ్వరం లింగమయ్యను చూసొచ్చినోళ్లకు, అండమాన్‌ల హావ్‌లాక్ దీవిల (ఇప్పుడు దాని పేరు స్వరాజ్ ద్వీప్) ఎలిఫెంట్ బీచ్‌కు పోయే అడవి బాట ఓ లెక్క గాదు. భువనగిరి గుట్ట మీద తాడు పట్టి నేర్చుకున్న మాలావత్ పూర్ణ 2014ల 13 ఏండ్లకే ఎవరెస్టు ఎక్కింది. ఎక్కుడు మన గడ్డ మీద నేర్చుకునే విద్యే.

నీళ్ల కాడికొస్తెనే కథ మారుతది.

రాత్రి సముద్రంల పగలు చూసినవేవీ అట్ల ఉండవు. పగడం రాయి గాదు, ప్రాణి. పగలు ముడుచుకొని ఉన్నది చీకటి పడ్డంక సన్నటి చేతులు చాపి, నీళ్లల్ల కొట్టుకొచ్చే సూక్ష్మజీవులను పట్టుకొని తింటది. టార్చి వెలుగుల చూస్తే ఒళ్లంత నూగు లేచినట్టు కనిపిస్తది. కొన్ని రకాల చిలకచేపలు నోట్లకెల్లి జిగురు తీసి, చుట్టూ సంచి అల్లుకొని అందుల నిద్రపోతయి. అమావాస్య దగ్గరి రాత్రులల్ల టార్చి బంద్ చేస్తే, నీళ్లల్ల వెలిగే జీవులున్న చోట చెయ్యి ఆడించిన కాడల్లా నీలి రవ్వలు లేస్తయి. ఎంత చెప్పినా తక్కువే.

ఇదంత చూడాల్నంటే బోర్ల పడి నిమ్మళంగ తేలాలె. ఈత రానోళ్లకు అది చాతగాదు. మాస్కులకు ఉప్పునీళ్లు రాంగనే బెదిరి నిలవడతరు. లైఫ్ జాకెట్ ఉంది గదా అంటరు. తప్పకుండ వేసుకోవాలె, కానీ బెదిరినోళ్లను అది నిలువుగనే తేలుస్తది, కాళ్లు పోయేది పగడం మీదికే. నా పక్కనే ఒకాయన అట్ల నిలవడితే కాలి కింద కొమ్మ పగడం పటుక్కున ఇరిగింది. గైడు రెక్క పట్టి లేపేలోపు ఇంకో రెండు కొమ్మలు పోయినయి. నాకు కడుపుల దేవినట్టయింది. బండ పగడమైతే ఏడాదికి సెంటీమీటరు పెరుగుడే గగనం. 2010ల నీళ్లు వేడెక్కి అండమాన్ పగడాలు తెల్లబడి చానా సచ్చినయి. బతికినవాటిని మనం తొక్కుదామా? అమ్రాబాద్ పులికి చట్టం ఏ రక్షణ ఇచ్చిందో, 2001ల పగడానికి అదే ఇచ్చింది.

ఇంకోటి, అక్కడ ఉప్పునీటి మొసళ్లుంటయి. 2010లనే హావ్‌లాక్ దగ్గర స్నార్కెలింగ్ చేస్తున్న టూరిస్టును మొసలి చంపింది. అక్కడోళ్లు వద్దన్న చోట అస్సలు దిగొద్దు.

మన తాతలకు ఈత రాక గాదు. నడుముకు బెండు కట్టి మోటబాయిల దింపి నేర్పేటోళ్లు. బోర్లొచ్చినయి, బాయిలు పూడినయి, వాటితోనే పిల్లల ఈత పోయింది. ఎండాకాలం సెలవులొస్తే చాలు, చెరువుల, సాగర్ కాలువల పిల్లలు మునిగిన వార్తలే. గుట్టలెక్కుడు నేర్పే బడి ఉన్న ఉమ్మడి నల్గొండల, మండలానికొక ఈత నేర్పే బాయి ఎందుకుండొద్దు? పూడిక తీసిన పాత మెట్లబాయి, గట్టి తాడు, నేర్పేటోళ్లు ఒకరిద్దరు ఉంటే చాలు.

అండమాన్ పోదామనుకునేటోళ్లు ముందుగాల దగ్గర్ల ఉన్న ఈతకొలనుకు పోన్రి. ముఖం నీళ్లల్ల పెట్టి, గొట్టంతోని ఊపిరి తీసుకుంట కాలు కింద పెట్టకుండ తేలుడు వచ్చినంకనే టికెట్ తియ్యిన్రి. పిల్లలను కూడ తోల్కపోన్రి. బాయి సంగతి మా ఊళ్లె నేను అడుగుత, మీ ఊళ్లె మీరు అడుగున్రి.