పదకొండో వచనానికి ముందున్న పదో వచనం

డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు (కొత్త ఏడాదికి వాగ్దానంగా ఒక బైబిల్ వచనం అచ్చువేసిన కార్డు) తీసుకోవడం గుంటూరు, విజయవాడ సంఘాల్లో ఎంత గట్టి ఆనవాయితీయో తెలుగు క్రైస్తవులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ కార్డుల మీద తరచుగా కనిపించేది బైబిల్లోని యిర్మీయా గ్రంథం 29:11. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవేగాని హానికరమైనవి కావన్న ఆ వాక్యంతో నాకు పేచీ లేదు. దానిని ఏడాదిలోగా చెల్లే ప్రామిసరీ నోటులా మగవాళ్ల చేతిలో పెట్టే బోధతోనే నా పేచీ.

ఆ మాట బబులోనుకు చెరపట్టి తీసుకుపోయినవారికి యిర్మీయా ప్రవక్త రాసిన లేఖలోది. అంతకుముందు అధ్యాయంలోనే హనన్యా అనే మరో ప్రవక్త దేవాలయంలో నిలబడి రెండేళ్లలో అంతా తిరిగి వస్తుందని ప్రకటించాడు. జనానికి కావలసిన మాట అదే. యిర్మీయా మాత్రం పదో వచనంలో విడుదలకు 70 ఏళ్లన్నాడు. అంటే ఆ లేఖ విన్న నడివయసు మనిషి విడుదలను కళ్లారా చూడకుండానే కన్నుమూస్తాడు. అయినా అతడికి అందిన ఆజ్ఞ ఇళ్లు కట్టుకోమని, తోటలు నాటుకోమని, పిల్లలకు పెళ్లిళ్లు చేయమని, తనను చెరలో ఉంచిన పట్టణం క్షేమం కోసమే ప్రార్థించమని. గడువు చెప్పి ఊరించిన హనన్యాను అబద్ధ ప్రవక్త అన్న గ్రంథాన్నే చేతపట్టుకుని మనం గడువులు చెబుతున్నాం.

ఒక పురుషుల కూడికలో నా పక్కన కూర్చున్న కౌలు రైతు బైబిల్లో నాలుగు మడతలు పెట్టిన కోల్డ్ స్టోరేజీ రసీదు చూపించాడు. మిర్చి యార్డులో రేటు పడిపోవడంతో టిక్కీలు (మిర్చి బస్తాలు) లోపలే ఉన్నాయి; అమ్మితే అప్పు తీరదు, ఆగితే వడ్డీ ఆగదు. ఆయనకు దొరికిన జవాబు: దశమభాగం (రాబడిలో పదో వంతు కానుక) సరిగా ఇస్తున్నారా, 21 రోజుల ఉపవాసం పూర్తి చేశారా. మార్కెట్ పతనం ఆ ఒక్క ప్రశ్నతో ఆయన పాపమైపోయింది. బైబిల్లో, తప్పు చేయకుండానే అన్నీ పోగొట్టుకున్న యోబుకు అతని స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు చెప్పింది అదే సూత్రం: కష్టం వచ్చిందంటే పాపం చేసినట్టే. చివరికి దేవుని కోపం మండింది బూడిదలో కూర్చుని వాదించిన యోబు మీద కాదు, సూత్రాలు వల్లించిన ఆ స్నేహితుల మీద. యోబుకు కూడా కారణం ఎక్కడా చెప్పలేదు.

ఆశ కల్పించకపోతే మగవాళ్లు తాగుడుకో, నిరాశకో లోనవుతారని సంఘ కాపరులు (పాస్టర్లు) భయపడతారు. ఆ భయం నిజమైనదే. కానీ గడువు దాటిన ఆశ మనిషిని ఇంకా లోతుకు తోస్తుంది, ఎందుకంటే అప్పుడతడు అప్పుతోపాటు తన విశ్వాసాన్ని కూడా అనుమానించడం మొదలుపెడతాడు.

దీని వేరు మన సాక్ష్యాల పద్ధతిలో ఉంది. జబ్బు తగ్గినవాడికి, ఉద్యోగం వచ్చినవాడికి మైకు అందుతుంది. ఇంకా కష్టం మధ్యలో ఉన్నవాడికి అందదు. 88వ కీర్తన చీకటి అన్న మాట దగ్గరే ఆగిపోతుంది, ఆ తర్వాత ఒక్క స్తుతి వాక్యం లేదు. అలాంటి సాక్ష్యం మన వేదిక మీద నేను వినలేదు. స్త్రీల కూడికల్లో కన్నీళ్లకైనా చోటుంది. పురుషుల కూడికలు షామియానాల లెక్కలకూ చందాల పద్దుకూ పరిమితమయ్యాయి. ఇంటిపెద్ద నోట “ఏం చేయాలో తెలియడం లేదు” అన్న మాట రావడమే అవిశ్వాసంగా చూస్తున్నాం. ఎక్కడికి వెళ్లాలో తెలియకుండానే బయలుదేరిన అబ్రాహామును మాత్రం విశ్వాసులకు తండ్రి అంటాం.

సంఘ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఈ డిసెంబరులో కార్డులు అచ్చుకు ఇచ్చేటప్పుడు, పదకొండో వచనం పైన పదో వచనాన్ని కూడా వేయించండి.